చిత్తుకాగితమే కదా!

మొన్న పుంగనూరులో ఒక జెరాక్సు దుకాణానికి వెళ్ళాను. పింఛనుకు సంబంధించిన పత్రమొకటి ముద్రించుకోవలసి వచ్చింది. పత్రాన్ని వారి మెయిలుకు పంపాను. అక్కడి కుర్రవాడు దాన్ని తెరిచే ప్రయత్నంలో ఏదో ఫోల్డరు తెరిచాడు. అందులో నా పేరుతో రెండు పత్రాలు కనిపించాయి. ఒకటి ఆనాడు పంపినది. రెండవది నిరుడు అదే దుకాణంలో ముద్రించుకున్నది! నా బ్యాంకు ఖాతా సంఖ్య, సంతకం, పుట్టిన తేదీ, అన్నీ అందులో యథాతథంగా ఉన్నాయి. చుట్టూ మరెందరివో ఆధారు కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఒక ఆడపిల్ల పరీక్ష హాల్‌టికెట్టు.

"ఇవన్నీ ఇంకా ఇక్కడెందుకున్నాయి నాయనా?" అని అడిగాను.

"ఏం కాదులే సార్, అవన్నీ టెంపరవరీ ఫైళ్ళు" అన్నాడు ఎంతో నిశ్చింతగా.

ఆ కుర్రవాడిలో దురుద్దేశమేమీ లేదు. అడిగిన వెంటనే చెరిపేశాడు కూడా. కానీ 'టెంపరవరీ' అన్న ఆ ఒక్క మాట నన్ను ఇంటివరకు వెంబడించింది. తెలుగు పండితుణ్ణి కదా, మాట తగులుకుంటే ఒక పట్టాన వదలదు. తాత్కాలికమంటే ఆ కాలానికి సంబంధించినదని అర్థం. అంతవరకే. కాలం తీరగానే దానంతటదే మాయమవుతుందని గాని, ఉన్నంతకాలం దానికి కాపలా అక్కరలేదని గాని ఆ పదంలో ఎక్కడా లేదు. ఆ రెండర్థాలనూ మనమే దానికి తగిలించుకున్నాం. ఈ పొరపాటు జెరాక్సు దుకాణాల్లోనే కాదు, కంప్యూటరు భాషలు రూపొందించిన మహామేధావుల్లోనూ దశాబ్దాలపాటు ఉండినదని తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ టపా దాని గురించే.

మన బడుల్లో 'చిత్తు', 'సాపు' అని రెండు మాటలుండేవి. లెక్క చేసేటప్పుడు కుడివైపు గీత గీసి చిత్తుపని, ఎడమవైపు సాపుపని. వ్యాసమైతే ముందు చిత్తుప్రతి, తరువాత సాపుప్రతి. మార్కులు సాపుకే. చిత్తును ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు, ఒక గుణపాఠం నేర్చుకునేదాకా.

1990ల తొలినాళ్ళ సంగతి. త్రైమాసిక పరీక్షకు తెలుగు ప్రశ్నపత్రం తయారుచేసే పని నాకు అప్పగించారు. రెండు ప్రతులు కావాలని కార్బను కాగితం పెట్టి రాశాను. ప్రతులను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, ప్రధానోపాధ్యాయులవారి బీరువాలో పెట్టించాను. అంత జాగ్రత్త! వాడిన కార్బను కాగితాన్ని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాను. పదవ తరగతి పిల్లవాడొకడు దాన్ని తీసి విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చదివాడు. కొత్త కార్బను మీద రాసిన అక్షరాలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో వాడినవారికి తెలుసు. తరగతిలో సగం మందికి ఒకే ప్రతిపదార్థం, ఒకే లేఖ, ఒకే వ్యాసం కంఠతా వచ్చేసరికి గుట్టు బయటపడింది. పరీక్ష మళ్ళీ పెట్టాం. పిల్లవాణ్ణి దండించాలని కొందరన్నారు. తప్పు నాది, వాణ్ణేమనగలను? ఆ తరువాత రిటైరయ్యేవరకు కార్బను కాగితమైనా, సైక్లోస్టైలు స్టెన్సిలైనా, నా చేత్తో నేను కాల్చనిదే గది దాటలేదు.

సాపుప్రతికి లక్క ముద్ర వేసి, చిత్తుప్రతిని చెత్తబుట్టలో వేయడమే మన స్వభావం. రహస్యం రెంటిలోనూ ఒక్కటే.

ఇక కంప్యూటరు సంగతికి వస్తాను. మదనపల్లెలో నా పాత శిష్యుడొకడు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నాడు. అతనికి ఈ జెరాక్సు కథ చెప్పాను. "అయ్యవారూ, ప్రోగ్రాములు కూడా చిత్తుపని చేస్తాయి" అని మొదలుపెట్టి, రెండు సాయంత్రాలు ఓపికగా పాఠం చెప్పాడు. నాకర్థమైనంత మీకు చెబుతాను. తెలిసినవారు దిద్దవలసిందిగా ప్రార్థన.

ఒక కుదించిన దస్త్రాన్ని విప్పాలన్నా, పెద్ద జాబితాను అకారాది క్రమంలో అమర్చాలన్నా, ఒక పత్రాన్ని అచ్చుయంత్రానికి పంపాలన్నా ప్రోగ్రాముకు మధ్యలో కొంత చోటు కావాలి. ఆ చోటే తాత్కాలిక దస్త్రం. నేను దాన్ని చిత్తు దస్త్రం అంటాను. యూనిక్సు, లినక్సు వంటి నిర్వాహక వ్యవస్థల్లో వీటికోసం 'టెంప్' అనే ఉమ్మడి సంచయం ఒకటి ఉంటుంది. అది ఊరి సత్రం వంటిది. ఆ యంత్రాన్ని వాడే ప్రతివారూ, నడిచే ప్రతి ప్రోగ్రామూ అందులో తమ మూట దించుకోవచ్చు. చిక్కంతా ఆ 'ప్రతివారూ' దగ్గరే ఉంది.

చిత్తు దస్త్రానికి ఒక పేరు కావాలి. ఆ పేరు ఇదివరకు ఎవరూ పెట్టుకొనిది అయి ఉండాలి. పూర్వం సి భాషలో ప్రోగ్రాములు ఏం చేసేవంటే, ముందు ఒక పేరు ఎంచుకొని, ఆ పేరుతో దస్త్రమేదైనా ఉందా అని చూసి, లేదని తేలితే అప్పుడు సృష్టించేవి. ఇందులో తప్పేముందని నాకూ అనిపించింది. మా శిష్యుడు మదనపల్లె బస్టాండును గుర్తుచేశాడు.

పండగ ముందురోజు తిరుపతి బస్సు వచ్చి ఆగింది. మీరు కిటికీలోంచి తొంగిచూశారు. మూడో వరుసలో సీటు ఖాళీ. సంతోషించి, బస్సు చుట్టూ తిరిగి, తలుపు దగ్గర తోపులాటలో నెగ్గి లోపలికి వెళ్ళేసరికి ఆ సీటులో ఇంకొకరున్నారు. మీరు చూసినది అబద్ధం కాదు. చూసినప్పుడు ఖాళీయే. చూడడానికీ కూర్చోవడానికీ నడుమ ఉన్న ఆ నిమిషమే మీ సీటును మింగేసింది. మనవాళ్ళు దీనికి ఎన్నడో ఉపాయం కనిపెట్టారు. కిటికీలోంచే రుమాలు వేసేస్తారు! ఖాళీని చూడడం, దాన్ని ఆక్రమించడం ఒకే చేతిమీదుగా జరిగిపోతుంది.

కంప్యూటరులో ఆ నిమిషం సెకనులో లక్షోవంతు కావచ్చు. కానీ కాచుకొని కూర్చున్నవాడు కూడా మనిషి కాదు, ప్రోగ్రామే. వాడికా వ్యవధి చాలు. పైగా ఆనాటి ప్రోగ్రాములు పెట్టుకొనే పేర్లు ఎవరైనా ఊహించగలిగేవి. ప్రోగ్రాము పేరు పక్కన దాని వరుస సంఖ్య తగిలించి అదే పేరనేవారు. లినక్సులో ఆ వరుస సంఖ్యకు సంప్రదాయంగా ఉన్న గరిష్ఠ పరిమితి 32,768. అన్ని పేర్లనూ ముందే ఆక్రమించి కూర్చోవడం దుర్మార్గుడికి పెద్ద శ్రమ కాదు.

సీటు పోతే పోయింది, నిలబడి ప్రయాణం చేద్దాం అనుకోవడానికి లేదు. ఇక్కడ జరిగే అనర్థం వేరు. దుర్మార్గుడు ఆ పేరుతో ఉత్త దస్త్రం పెట్టడు, ఒక లంకె పెడతాడు. ఆ లంకె వేరొక ముఖ్యమైన దస్త్రాన్ని చూపిస్తూ ఉంటుంది. ప్రోగ్రాము తన చిత్తుకాగితమే అనుకొని రాస్తుంది. ఆ రాత వెళ్ళి ముఖ్య దస్త్రం మీద పడుతుంది. నా భాషలో చెప్పాలంటే, ఉపాధ్యాయుడి బల్లమీద పలుచని తెల్లకాగితం పరిచి, దాని కింద కార్బనూ, ఆ కింద మార్కుల రిజిస్టరూ పెట్టినట్టు. అయ్యవారు లెక్క చిత్తుగా వేసుకుంటున్నాననుకుంటాడు. రిజిస్టరు పాడవుతుంది. పాడుచేసిన చేయి ఆయనదే, సిరా ఆయనదే. రిజిస్టరు ముట్టుకొనే అధికారం ఆ పిల్లవాడికి లేదు, అయ్యవారికి ఉంది. అందుకే అయ్యవారి చేతనే చేయించాడు. కంప్యూటరులో సర్వాధికారాలున్న ప్రోగ్రాము ఇలా మోసపోతే యంత్రమంతా శత్రువు వశమవుతుంది. ప్రోగ్రాముల బలహీనతలను వర్గీకరించే ప్రపంచ జాబితాలో ఈ అభద్ర తాత్కాలిక దస్త్రానికి 377 అనే సంఖ్య ప్రత్యేకంగా ఉందంటే ఇది ఎంత సామాన్యమైన తప్పో ఊహించండి.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు, చాలాకాలంగా ఉంది. సి భాషలో 'ఎంకే టెంప్' అనే పాత పనిముట్టు పేరు మాత్రమే ఇస్తుంది. 'ఎంకే ఎస్ టెంప్' అనేది పేరుతోపాటు దస్త్రాన్ని కూడా అప్పుడే సృష్టించి, తెరిచి మన చేతికిస్తుంది. ఆ పేరుతో మరొకటి ఉంటే సృష్టించనని నిరాకరించి, ఇంకొక పేరు చూసుకుంటుంది. ఇదే కిటికీలోంచి రుమాలు వేయడం. అంతేకాదు, ఆ దస్త్రాన్ని యజమాని తప్ప ఇతరులు చదవడానికిగాని రాయడానికిగాని వీలులేకుండా పుట్టుకతోనే తాళం వేస్తుంది. ముందు పుట్టించి తరువాత తాళం వేయడం కాదు. ఆ రెంటి నడుమ కూడా సందు ఉంటుంది కదా!

పేరు విషయం మా ఛందశ్శాస్త్రాన్ని గుర్తుకు తెచ్చింది. ప్రస్తారం చేసేటప్పుడు ఒక్కొక్క స్థానంలో గురువు, లఘువు అని రెండే అవకాశాలు. పాదానికి ఆరక్షరాలుండే గాయత్రీ ఛందస్సులో పుట్టే వృత్తాలు 64. ఇక్కడ కూడా పేరులో మార్చుకోదగ్గ స్థానాలు ఆరే. కానీ లినక్సులో ఒక్కొక్క స్థానంలో ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరాలు, అంకెలు కలిపి 62 అవకాశాలు. ప్రస్తారం చేస్తే 5,680 కోట్లకు పైగా పేర్లు వస్తాయి. అందులో ఏది పడుతుందో ముందే ఊహించి కూర్చోవడం ఎవరి తరం?

రుమాలు వేశాక దాన్ని తీసి పక్కన పారేసే పెద్దమనుషులు కూడా మన బస్సుల్లో ఉంటారు. దానికీ యూనిక్సువారు ఏర్పాటు చేశారు. టెంప్ సంచయానికి 'స్టికీ బిట్' అనే ఒక ముద్ర వేస్తారు. సత్రంలో ఎవరైనా మూట దించుకోవచ్చుగాని, ఒకరి మూటను ఇంకొకరు బయట పారేయరాదని దాని తాత్పర్యం. 2012లో వచ్చిన లినక్సు 3.6లో ఇంకొక కట్టడి చేరింది. ఇలాంటి ఉమ్మడి సంచయంలో పరాయివాడు పెట్టిన లంకెను గుడ్డిగా అనుసరించకుండా ఆపే వీలు కలిగింది. 2013 నాటి 3.11లో అసలు పేరే లేని చిత్తు దస్త్రాన్ని సృష్టించే సౌకర్యం వచ్చింది. పేరే లేనివాణ్ణి ఎవరు పిలుస్తారు, ఎవరు వెతుకుతారు? పని ముగిసి మూయగానే అదీ పోతుంది. ప్రోగ్రాము మధ్యలో ప్రాణం విడిచినా వెనుక చిత్తు మిగలదు. నాకు అన్నిటికంటె నచ్చిన ఏర్పాటు ఇది.

ఇంతవరకు పాఠం. ఇక నా అభిప్రాయం.

విరుగుడు ఉన్నా రోగం ఎందుకు పోలేదు? ఇన్నేళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిగా నాకు తోచిన కారణం ఒక్కటే. తప్పుదారిని మూయకుండా, దాని ముందు హెచ్చరిక బోర్డు మాత్రం పెట్టారు. పైతాన్ భాషను చూడండి. 2003లో వచ్చిన 2.3 కూర్పునుంచే పేరు మాత్రమే ఇచ్చే ఆ పాత పద్ధతిని వాడవద్దని వారి గ్రంథం చెబుతోంది. ఇరవయ్యేళ్ళు దాటింది, అయినా ఆ పద్ధతి ఆ భాషలో అలాగే ఉంది. సి భాషలో పాత పనిముట్టు వాడితే, ప్రోగ్రాము తయారయ్యే సమయంలో ఇది అపాయకరమని హెచ్చరిక వస్తుంది, ప్రోగ్రాము మాత్రం తయారైపోతుంది. యూనిక్సు ప్రమాణాల గ్రంథం 2008 కూర్పులో దాన్ని తొలగించింది. ఆచరణలో అది ఇంకా బ్రతికే ఉంది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదన్న వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ పిల్లలకు చెప్పి చెప్పి నేను తెలుసుకున్నది ఇది: 'ఆ బావి దగ్గరకు పోవద్దు' అని రోజూ చెప్పడం కంటె ఒకసారి బావికి గిలకపక్కన గోడ కట్టించడం మేలు. మంచిదారి దగ్గరిదారి కూడా అయితే అందరూ అందులోనే నడుస్తారు.

దీనికి సాక్ష్యం మన జేబుల్లోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి ఆప్‌నూ ఒక వేరు వాడుకరిగా లెక్కించి, దానికంటూ ఒక సొంత గదిని, ఆ గదిలోనే చిత్తుకాగితాలకు చోటును కేటాయిస్తారు. ఒకరి గదిలోకి మరొకరు తొంగిచూడలేరు. ప్రోగ్రాము రాసేవాడు జాగ్రత్తపరుడా కాడా అన్న ప్రశ్న చాలావరకు రాదు. దశాబ్దాల హెచ్చరికలు సాధించలేనిదాన్ని ఇంటి నిర్మాణం సాధించింది.

"అలాగైతే మీ బెంగ దేనికి? ఇప్పుడెవరి ఫోను వారిది, ఎవరి కంప్యూటరు వారిది. ఉమ్మడి సత్రాల కాలం పోయింది" అని మీలో కొందరు అనవచ్చు. పోలేదు. కుప్పాన్ని తీసుకోండి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊరు అది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 'ఐ-కమ్యూనిటీ' అనే పథకం మొదలుపెట్టినప్పుడు, కంప్యూటరంటే తెలియని పల్లెజనానికి ఉమ్మడి కేంద్రాలద్వారానే అది పరిచయమైంది. కొనలేనివారికి ఆ యంత్రం అందాలంటే అదే మార్గం, అది మెచ్చదగినదే. ఈనాడు మన మూడు ఊళ్ళలోనూ ప్రజలు దరఖాస్తులకు, ధ్రువపత్రాలకు, పరీక్ష ఫీజులకు వెళ్ళేది ఉమ్మడి యంత్రాల దగ్గరకే. యంత్రం ఒకటి, వాడుకరి పేరు ఒకటి, వాడేవారు రోజుకు వందమంది. యజమాని తప్ప ఇతరులు చదవరాదని వ్యవస్థ ఎంత గట్టి తాళం వేసినా, అందరూ ఒకే యజమాని పేరుతో లోపలికి వస్తే ఆ తాళానికి అర్థమేముంది? ఇక అంతర్జాలంలో మనం వాడే సేవలన్నీ ఎక్కడో ఒక యంత్రంలో అనేకులతో కలిసి నడిచేవే. సత్రం కనుమరుగు కాలేదు, మన కళ్ళకు కనపడని చోటికి మారింది.

మదనపల్లె వారికి కాగితం విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం చేసింది అక్కడి బీసెంట్ థియసాఫికల్ కళాశాలలో. ఆ చేతిరాతను తలచుకొని నేటికీ గర్విస్తాం. 2024 జూలైలో సబ్‌కలెక్టరు కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి దస్త్రాలు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా దాని గురించే మాట్లాడింది. ఉండవలసిన కాగితం పోతే అందరికీ తెలుస్తుంది. పోవలసిన కాగితం ఉండిపోతే ఎవరికీ తెలియదు. తెలిసేది ఆ ఆడపిల్ల హాల్‌టికెట్టు మీది ఫోటోనో, ఆ రైతు పాసుపుస్తకమో ఎవరి చేతికో చిక్కిన రోజున. అప్పటికి ఆ దస్త్రాన్ని ఎవరు చెరపలేదో చెప్పగలిగేవారు ఉండరు.

కాబట్టి ముగ్గురికి మూడు మనవులు.

ఇంజనీరింగు కళాశాలల్లో ప్రోగ్రాములు నేర్పే సహోపాధ్యాయులారా, దస్త్రం తెరవడం నేర్పిన రోజునే చిత్తు దస్త్రం సృష్టించడం కూడా నేర్పండి. పేరు తీసుకోవడం, సృష్టించడం, తాళం వేయడం, ఈ మూడూ ఒకే క్రియ అని చెప్పండి. పైతాన్‌లో, జావాలో, సి భాషలో దానికి సిద్ధంగా పనిముట్లున్నాయి, సొంత తెలివితో పేర్లు అల్లవద్దని చెప్పండి. పని ముగిశాక చెరపడం ప్రోగ్రాము బాధ్యతే గాని యంత్రం బాధ్యత కాదని చెప్పండి. విండోసులో చిత్తు దస్త్రాలకు పేర్లిచ్చే ఒక పాత పనిముట్టు 65,535 పేర్ల దాకానే ఇవ్వగలదు. చెరపని ప్రోగ్రాముల వల్ల ఆ పేర్లన్నీ నిండిపోతే కొత్త చిత్తుకు చోటుండదు. ఊడవని సత్రానికి పట్టే గతి అదే. చిత్తుపనికి కూడా నాలుగు మార్కులు కేటాయించండి. మార్కులు లేనిదాన్ని మన పిల్లలు చదవరు, మీకు తెలియనిది కాదు.

దుకాణదారులారా, మీరు మా ఊళ్ళకు చేస్తున్న సేవ చిన్నది కాదు. రోజూ రాత్రి షట్టరు దించేముందు గల్లాపెట్టె లెక్క చూసుకుంటారు. ఆ లెక్కతోపాటు డౌన్లోడుల సంచయం, టెంప్ సంచయం, చెత్తబుట్ట, మెయిలుకు వచ్చిన పత్రాలు, ఈ నాలుగూ ఊడ్చి వెళ్ళండి. పది నిమిషాల పని.

మిత్రులారా, మనం కూడా సాపుప్రతి మీద తీసుకొనే శ్రద్ధలో పదోవంతు చిత్తు మీద పెడదాం. పరుల యంత్రంలో పత్రం తెరిస్తే, ముద్రించుకున్నాక దగ్గరుండి చెరిపించే మొహమాటం లేనితనం అలవరచుకుందాం. ముసలివాడు అనుమానపు పక్షి అనుకుంటారేమోనని నేనూ నిరుడు ఊరుకున్నాను. ఆ ఊరుకున్నందుకే నా సంతకం ఏడాదిపాటు ఆ దుకాణంలో పడి ఉంది.

ఆనాడు ఆ కుర్రవాడూ నేనూ కూర్చుని పాత పత్రాలన్నీ ఒక్కొక్కటిగా తీసివేశాం. దాదాపు గంట పట్టింది. మధ్యలో వచ్చిన గిరాకీలను కూడా కాసేపు ఆగమన్నాడు, పాపం. చివర్లో ఆ హాల్‌టికెట్టు దగ్గర ఆగి, "ఈ పిల్ల మా వీధే సార్" అన్నాడు. ఆ తరువాత నన్నడగకుండానే చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

సాంకేతిక విషయాల్లో నా తప్పులు కనిపిస్తే నిర్మొహమాటంగా వ్యాఖ్యల్లో తెలపండి. ఈ వయసులో కూడా సాపు చేసుకోవడానికి సిద్ధమే.